ఆంప్లిఫయర్ కిట్లు – అబ్బాయి దగ్గు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. సెలవు దొరికితే చాలు, ఆంప్లిఫయర్ కిట్లు, బ్యాటరీతో బల్బు వెలిగించే కన్వర్టర్ కిట్లు తెప్పించుకుని ఇంట్లోనే బిగిస్తుంటాడు. సోల్డరింగ్ చేసిన రోజు రాత్రి దగ్గు, పిల్లికూతలు. ఆ పొగలో సీసం ఉంటుందంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, లింగాల (కడప జిల్లా)

జవాబు: మాన్పించనక్కర లేదు. మంచి విద్యే నేర్చుకుంటున్నాడు. కాని పొగలో సీసం ఉందన్న మాట సరికాదు. మామూలు సోల్డరు తీగెలో తగరం 60 పాళ్లు, సీసం 40 పాళ్లు. అది కరిగేది సుమారు 190 డిగ్రీల దగ్గర. సోల్డరింగ్ ఐరన్ మొన వేడి 350 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. సీసం మరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. మీరు చూస్తున్న పొగ తీగె లోపల ఉండే రోజిన్‌ది, అంటే పైన్ చెట్టు బంకది. అది కొందరి ఊపిరితిత్తులకు బొత్తిగా పడదు. ఉబ్బసం తెప్పిస్తుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిపాటి పొగకే ఆయాసం వస్తుంది. పిల్లికూతలు వినబడుతున్నాయంటున్నారు గనుక ముందు డాక్టరుకు చూపించండి. అంతవరకు సోల్డరింగ్ ఆపించండి. తర్వాతైనా కిటికీ దగ్గర కూర్చుని, పొగను ముఖం నుంచి బయటికి లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోవాలి. మూతికి గుడ్డ కట్టుకున్నందువల్ల లాభం లేదు.

సీసం వెళ్లేది చేతుల గుండా నోట్లోకి. రెండు చేతులూ చాలక తీగెను పళ్లతో పట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది, అది మాన్పించండి. పాప విషయంలో మరీ జాగ్రత్త. నేల మీద రాలిన సోల్డరు పూసలు ఏరి నోట్లో పెట్టుకుంటుంది. ఆ వయసులో సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంత వరకు ఫరవాలేదనే మోతాదు లేదు. పాప ఆడుకునే గదిలో, వంటింట్లో ఈ పని వద్దు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాప మింగిందని అనుమానం వస్తే రక్తపరీక్ష చేయించండి.

మీరు అడగలేదు గాని, నాకు అసలు భయం కరెంటుతోనే. బ్యాటరీయే కదా అని కన్వర్టరును తేలిగ్గా తీసుకుంటారు. లోపలికి వెళ్లేది 12 వోల్టులే అయినా బయటికి వచ్చేది 230! ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మీటరుతో చూడకుండా వేలు పెట్టరాదు. మీ వైపు ఇళ్లలో కడప బండల గచ్చు కదా, తుడిచిన తడి మీద వట్టికాళ్లతో కూర్చోనివ్వకండి. పొడి చెక్కబల్ల వేయించండి, రబ్బరు చెప్పులు తొడిగించండి.

షాకు కొడితే మనిషిని ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి కర్రతో తప్పించండి. ఊపిరి ఆడకుంటే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు రొమ్ము నడుమ రెండంగుళాల లోతుకు, నిమిషానికి నూటికి తగ్గకుండా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చుని బాగానే ఉందన్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లి ఇ.సి.జి. తీయించండి.