రిటైరయ్యాక మొదలైన పని

ఈ సంచికను ఇళ్లు కట్టే ఆడవాళ్లకు కేటాయించాం. ఏ వ్యాసంలో ఏముందో విషయసూచిక చెబుతుంది. మా చర్చల్లో పదేపదే వచ్చిన పేరు మాత్రం ఒక్కటే, యాస్మీన్ లారీ.

పాకిస్తాన్ తొలి మహిళా ఆర్కిటెక్ట్ ఆమె. ఇంగ్లండులో చదివి వచ్చి 1964లో కరాచీలో ఆఫీసు తెరిచారు. పెద్దపెద్ద కాంక్రీటు, గాజు భవనాలతో పేరు తెచ్చుకుని, 2000లో వృత్తి విరమించారు. అసలు కథ ఆ తర్వాతే. 2005లో పాకిస్తాన్‌లో వచ్చిన భూకంపం ఆమెను కొండ ఊళ్లకు నడిపించింది. అప్పటినుంచి మట్టి, సున్నం, వెదురు. సింధ్ వరద బాధితులకు ఇళ్లు కట్టివ్వడం కన్నా, కట్టుకోవడం నేర్పడం మీదే ఆమె ధ్యాస. పొగ తక్కువొచ్చే మట్టి పొయ్యిలు కూడా ఊరి ఆడవాళ్లే వేసుకుంటారు. 2023లో బ్రిటన్ రాయల్ గోల్డ్ మెడల్ ఆమెను వరించింది. ఆమె కట్టడాలన్నిటిలో మాకు ఆ పొయ్యే పెద్దదనిపించింది!

తుపాను వెలిసిన ప్రతిసారీ మన దగ్గర పునరావాసమంటే సిమెంటు గదులే గుర్తొస్తాయి. అందుకే ఈ అంశం ఇప్పుడు. మా రచయితలందరిదీ ఒకే మాట కాదు. మన సముద్రపు గాలికి వెదురు ఎన్నాళ్లు నిలుస్తుందని ఒకరు గట్టిగానే నిలదీశారు. ఆ వాదన అలాగే అచ్చువేశాం. మీ మాటా రాయండి.