మృగవిశేషము

పాఠం చెప్పే అధ్యాపకునికి ఒక మాట గొప్ప ఆసరా. పద్యంలో తెలియని చెట్టు వస్తే ‘వృక్షవిశేషము’, తెలియని పిట్ట వస్తే ‘పక్షివిశేషము’, తెలియని జంతువు వస్తే ‘మృగవిశేషము’. నిఘంటువు చెప్పిన అర్థమే గనుక విద్యార్థి మారుపలుకడు. ఇంతలో గంట కొడతారు. ముప్పది యేండ్లుగా ఈ ఒక్క మాటతో నేను పిల్లలను ఎన్ని అడవులు దాటించినానో లెక్కలేదు. మొన్నటి సంక్రాంతి సెలవులలో ఆ లెక్క అప్పజెప్పవలసి వచ్చినది.

ఆనాడు మేము దంపతులమిద్దరమూ విజయనగరంలో ఉదయపు బస్సెక్కి విశాఖపట్నం జంతుప్రదర్శనశాల దగ్గర దిగినాము. కంబాలకొండ అడవినానుకొని, 625 ఎకరాలలో, 1977లో ప్రజలకు తెరచిన ఉద్యానమిది. పండుగ రోజులు గనుక జనం కిటకిటలాడుతున్నారు. అందరూ పులి దగ్గర, ఏనుగు దగ్గర మూగుతున్నారు. లేళ్ళ ఆవరణల ముందు నిలిచేవారు లేరు. “అన్నీ జింకలే, పదండి” అని పెద్దలు పిల్లల చేతులు పట్టి లాగుకొని పోతున్నారు. నేనూ అట్లే పోబోయినాను.

నా శ్రీమతి కదలలేదు. “దీన్ని కూడా జింక అంటారేమిటండీ? ఇది కణుజు. ఒంటినిండా చుక్కలున్నదే, అది దుప్పి” అన్నది. ఆమె పుట్టిల్లు పాలకొండకు ఎగువన, కొండవార పల్లె. చిన్ననాట రాత్రివేళ కణుజులు చోడిచేలో పడేవట. వాళ్ళ నాన్నగారు మంచెమీద కూర్చుండి డబ్బా వాయించేవారట. రాలిన కొమ్ములు అప్పుడప్పుడు పిల్లలకు దొరికేవట. ఇంకొకచోట బూడిదనీలి రంగుతో, గుర్రమంత ఒడ్డుతో, పొట్టి కొమ్ములతో ఉన్న జంతువును చూపి “ఇదేమిటి?” అని నన్నడిగినది. పలకమీది పేరు చదివి “మనుబోతు” అన్నాను. ఎన్నోసార్లు పాఠంలో చెప్పిన మాటే. ఆ మృగాన్ని చూడడం మాత్రం అదే మొదలు. ఆమె దగ్గర మృగాలున్నవి, నా దగ్గర మాటలున్నవి. ఇన్నేండ్ల కాపురంలో ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూచుకోనేలేదు.

దుప్పి, కణుజుల కొమ్ములు కొమ్మలుగా చీలి, రాలి, మరల మొలుస్తాయి. కృష్ణజింకకు, మనుబోతుకు కొమ్ములు చీలవు, రాలవు. ఇంత భేదమున్న జీవాలను నేను ఒక్క సమాసంలో కట్టిపడవేసినాను!

మధ్యాహ్నం రేవుకు పోయినాము. అక్కడా అదే పాఠం. యారాడకొండ ముక్కువలె సముద్రంలోనికి చొచ్చుకొని వచ్చి ఓడలకు చాటునిస్తున్నది. 1933లో ఓడరేవు తెరువకముందు ఆ లోపలి రేవంతా మేఘాద్రిగెడ్డ నీరు సముద్రంలో కలిసే చిత్తడినేల. రాయపూరు నుండి విజయనగరానికి రైలుమార్గం 1931లో పూర్తియైన తరువాత మధ్యపరగణాల మాంగనీసు మన ఊరి మీదుగానే ఈ రేవుకు చేరినది. విద్యార్థి తన వ్యాసంలో ‘గెడ్డ’ అని వ్రాస్తే ఎర్రసిరాతో ‘వాగు’ అని దిద్దిన ఉపాధ్యాయులలో నేనొకడిని. ఇంత రేవుకు ఒడి ఇచ్చిన గెడ్డకు నా ఎర్రసిరా చోటివ్వలేదు. చేపలరేవులో ఒక వృద్ధుడు కెరటాన్ని గురించీ, దుంగలు కట్టిన తెప్పను గురించీ, పడవ నడిపే సరంగును గురించీ చెబుతుంటే, మా పరీక్షలో ఆయనకెన్ని మార్కులు వచ్చేవో అనుకొన్నాను.

సెలవునాడు కూడా పాఠమేనా అని కొందరు అనవచ్చును. పిల్లల ఆనందాన్ని పాఠంగా మార్చమని నేననడం లేదు. ఒక్కరోజులో అన్నీ చూపించవలెననే ఆత్రం మానుకొందామంటున్నాను. విహారయాత్రకు బయలుదేరేముందు పాఠ్యపుస్తకంలోని పది మాటలు పిల్లల చేతికిద్దాము. అక్కడ ఏ మాట ఏ వస్తువుదో వారే వెదుకుకొంటారు. తిరిగి వచ్చిన తరువాత, తమ ఇంట ఆ వస్తువును ఏమంటారో ఒక్కొక్కరినీ అడుగుదాము. కొండవారి పిల్లవాడు, సముద్రపుటొడ్డు పిల్ల ఆనాడు గురువులౌతారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవరల నోటినుండియే వారి భాష నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చినారు. అంతటివారు అడిగి తెలుసుకొన్నప్పుడు మనకు చిన్నతనమేమున్నది?

చీకటి పడిన తరువాత బస్సులో తిరిగి వస్తూ, “రేపు మీ పద్యంలో కణుజు వస్తే ఏం చెబుతారు?” అని ఆమె అడిగినది.

“మా ఇంటిలో అడిగి చెబుతానంటాను” అన్నాను.