గృహవిషయములు: అనుమతి నిరాకరింపబడిన గది



ఇల్లు ఒక్కమాఱు కట్టి ముగించు వస్తువు కాదు. సంసారముతోపాటు అదియును పెరుగుచుండును. కుమారునికి వివాహమైనచో నొక గది కావలెను. అత్తగారికి మెట్లెక్కు శక్తి తగ్గినచో క్రిందనే యొక స్నానపుగది కావలెను. బిడ్డలు పరీక్షలకు చదువుకొనుటకు సందడి లేని మూల యొకటి కావలెను. నల్లగొండ, మహబూబునగరు సీమలయందలి వెనుకటి మిద్దె యిండ్లలో పెరటివైపు వసారా దించుకొనుటయు, కొన్నాళ్లకు దానికే గోడలు పెట్టి అర్రగా చేసికొనుటయు ఇంటివారి యిష్టముగా జరిగిపోయిన పనులు. నేడు పట్టణములలో నట్లు జరుగదు. ఇంటిమీద అంతస్తు లేపవలెనన్నను, పెరటిలో వంటయిల్లు కట్టవలెనన్నను పురపాలక సంఘమువారి యనుమతి కావలెను. అడిగినవారందఱకును అనుమతి దొరకునని నమ్మకము లేదు.

పాలమూరు కూలీలు దేశమందలి యెన్ని ఆనకట్టలకో, ఎన్ని మేడలకో మట్టి మోసినవారు. అట్టి కుటుంబమొకటి పరాయి యూళ్లలో కూడబెట్టిన సొమ్ముతో సొంతయూర నొక గది కట్టబూనినప్పుడు "అనుమతి లేదు" అన్న కాగితము వచ్చినచో ఆ యిల్లాలి మనస్సెట్లుండునో చెప్పనక్కఱలేదు. అట్టి కాగితము చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనో తెలుపుటకే ఈ నెల ఈ శీర్షికను వినియోగించుచున్నాము. మేము చెప్పదలచిన దొక్కటే: నిరాకరణము దారిని మూసివేయదు, అనుమతి రాకమునుపే లేపిన గోడ దారిని మూసివేయును.

ముందుగా చట్టమును తెలిసికొందము. 2019 సం॥న తెలంగాణ పురపాలక చట్టమును, 2020 సం॥న భవన నిర్మాణానుమతుల స్వీయధ్రువీకరణ చట్టమును వచ్చినవి. ఈ రెండవదానిని టీఎస్ బీపాస్ అని వ్యవహరించిరి. దీని ప్రకారము 75 గజములు మించని స్థలములో నేలమీద నొకటి, దానిపై నొకటి చొప్పున 7 మీటర్ల యెత్తు మించకుండ కట్టుకొనువారికి అనుమతి యక్కఱలేదు. 1 రూపాయి చెల్లించి నమోదు చేయించుకొనిన చాలును. 500 చదరపు మీటర్ల లోపు స్థలములో 10 మీటర్ల యెత్తు మించని యింటికి యజమానుడే నియమముల ననుసరించుచున్నానని ధ్రువీకరించినచో వెంటనే అనుమతి లభించును. అంతకు మించినవానికి 21 దినముల గడువు గలదు. ఆలోపల అధికారులు ఏ సంగతియు చెప్పనిచో అనుమతి యిచ్చినట్లే భావింపవలెను. 2025 సం॥నుండి బిల్డ్‌నౌ అను నూతన యంత్ర విధానమును ప్రవేశపెట్టిరి.

ఇంత సులభమైనప్పుడు నిరాకరణ మెక్కడినుండి వచ్చుచున్నదని మీరడుగవచ్చును. వెంటనే దొరకిన అనుమతి తుదియనుమతి కాదు. దరఖాస్తులోని సంగతులు నిజమా కాదా యని అధికారులు పిమ్మట వచ్చి చూతురు. అసత్యము కనబడినచో ఇచ్చిన యనుమతిని 21 దినములలో రద్దుచేయుటకు వారి కధికారము గలదు. "నేనే ధ్రువీకరించుచున్నాను" అని సంతకము చేయుట సులభమే. ఆ సంతకపు బరువును మోయుటయే కష్టము. మధ్యవర్తి చూపినచోట నెల్ల చదువక సంతకము పెట్టరాదనుట ఇందువలననే.

నిరాకరణమునకు సాధారణముగా కనబడు కారణములు నాలుగు.

మొదటిది ఖాళీ స్థలము. 2012 సం॥ భవన నియమముల ప్రకారము 100 మొదలు 200 చదరపు మీటర్ల స్థలములో చిన్నవీథి వైపు 1.5 మీటర్లు, తక్కిన మూడువైపుల ఒక్కొక్క మీటరు విడువవలెను. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు గల 150 గజముల జాగను తీసికొందము. విడువవలసినది విడిచిన పిమ్మట 1350 చదరపు అడుగులలో కట్టుటకు మిగులునది సుమారు 860 మాత్రమే. పెరటిగోడ నానుకొని వంటగది కట్టుదుమన్నవారికి లేదను జవాబు వచ్చుట ఇందువలన. అధికారుల మొండితనమని దీని నెంచరాదు. ఆ మీటరు జాగ నుండియే మన పొయ్యికి గాలియు, మధ్యగదికి వెలుగును రావలెను. పొరుగింట నిప్పంటుకొన్నప్పుడు మనుష్యుడు దూరుటకు ఆ సందే దారి. చీకటి వంటింటిలో దినమెల్ల గడపవలసినది ఆడువారే గాన, ఈ నియమము మనకే ఎక్కువ మేలుచేయునది.

రెండవది హక్కు పత్రము. ఇల్లు మామగారి పేర నుండును; ఆయన గతించి పదేండ్లయి యుండును; భాగపత్రము వ్రాసికొని యుండరు. వీలునామా లేక గతించిన హిందూ గృహస్థుని యింటిలో భార్యకును, కుమారులతోపాటు కుమార్తెలకును భాగము గలదని 1956 సం॥ వారసత్వ చట్టము చెప్పుచున్నది. ఒక్క కుమారుడు దరఖాస్తు పెట్టినచో తక్కిన భాగస్థుల సమ్మతి యేదని యధికారి యడుగుట న్యాయమే. అత్తవారింటికి పోయిన ఆడపడుచు సంతకము కూడ కావలసివచ్చును. ఈ పని పుట్టింటి పిలుపుతో, పసుపుకుంకుమలతో జరుగవలెను గాని తగవుతో జరుగరాదు.

మూడవది లేఔటు. పొలమును ముక్కలుగా కోసి అమ్మినవారు అనుమతి పొందియుండరు. అట్టి ప్లాట్ల క్రమబద్ధీకరణకు 2020 సం॥ ఆగస్టు 31వ తేదీన ప్రభుత్వము 131వ సంఖ్య గల ఉత్తర్వు వెలువరించెను. మీ ప్లాటు క్రమబద్ధమైనదో కాదో ఇంటిలోని కాగితములు తీసి చూచుకొనుడు.

నాలుగవది నీటివసతి. మన ప్రాంతము చెఱువులు, కుంటలు గల మెట్టసీమ. 10 హెక్టార్లును అంతకు మించినదియునగు చెఱువు సరిహద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెఱువు, కుంట, శిఖము భూములనుండి 9 మీటర్లు విడువవలెనని నియమము. నాలుగేండ్లు వానలు లేక కుంట యెండి మైదానమువలె కనబడినను అది కుంటయే. ఈ కారణమున వచ్చిన నిరాకరణమును మార్పించుటకు డబ్బు వ్యయపఱుపకుడని మా సలహా. ఏనాడైన నీరు తన చోటికి తాను తిరిగివచ్చును.

ఇక నిరాకరణము వచ్చినప్పుడు చేయవలసినదేమి? ప్రథమముగా దానిని కాగితముమీద పొందుడు. కిటికీవద్ద నిలుచున్న గుమాస్తా "కాదమ్మా" అన్నంతమాత్రమున అది నిరాకరణము కాదు. ఏ నియమము ప్రకారము, ఏ కారణముచేత కాదనిరో వ్రాతలో నుండవలెను. కారణము తెలుపని యుత్తర్వు న్యాయస్థానము ముందు నిలుచుట కష్టము. వ్రాసి యీయనిచో 2005 సం॥ సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు. 30 దినములలో బదులీయవలెను.

రెండవ మెట్టు, ఆ కారణమునకు జవాబు వెదకుట. పత్రము లోటైనచో పత్రము తెచ్చి మరల దరఖాస్తు పెట్టవచ్చును. ఖాళీ స్థలము చాలనిచో నక్షాను మార్చి గీయించుడు. ప్రక్కకు పెరుగరాని యిల్లు పైకి పెరుగవచ్చును. పెరటిలో కాదన్న గది మేడమీద చెల్లవచ్చును. అయితే మట్టిలో రాళ్లు పేర్చి కట్టిన పాత గోడ మీద అంతస్తు లేపుటకు ముందు ఇంజనీరునకు పునాది చూపుడు. అనుమతి దొరకిన మాత్రమున గోడకు బలము రాదు.

మూడవ మెట్టు విన్నపము. జిల్లాలలో భవనానుమతుల పర్యవేక్షణకు కలెక్టరు అధ్యక్షతన సమితి నేర్పఱచిరి. సోమవారమున కలెక్టరు కార్యాలయములలో జరుగు ప్రజావాణియందు అర్జీ యిచ్చి రశీదు పొందవచ్చును. అచ్చటను న్యాయము జరుగలేదని తోచినచో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమున రిట్ దాఖలు చేయవచ్చును. ఖర్చునకు భయపడనక్కఱలేదు. 1987 సం॥ న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఆమె ఆదాయమెంతయైనను ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. నల్లగొండలోను మహబూబునగరులోను జిల్లా న్యాయసేవాధికార సంస్థలు గలవు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. ఈ హక్కును వాడుకొనుట భిక్షమడుగుట కాదు.

ఈ మెట్లన్నియు గది కట్టక మునుపు ఎక్కినవారికే సుఖము. కట్టిన పిమ్మట అడిగినవారి గతి వేఱు. నల్లగొండలో నొక రాజకీయ పక్షమువారు అనుమతి లేకయే తమ కార్యాలయ భవనమును కట్టి, పిమ్మట దానిని క్రమబద్ధము చేయుడని కోరిరి. పురపాలకులు నిరాకరించిరి. వారు ఉన్నత న్యాయస్థానమునకు పోగా 2024 సం॥ సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనము వారి ప్రార్థనను త్రోసిపుచ్చి, 15 దినములలో కట్టడమును తొలగింపవలెననియు, 1 లక్ష రూపాయల ఖర్చులు చెల్లింపవలెననియు ఉత్తర్వు చేసెను. అధికారమును పలుకుబడియు నెఱిగినవారి విన్నపమే అట్లయినప్పుడు, మేస్త్రీ మాట విని "ముందు కట్టుడు, తరువాత చూచుకొందము" అని పునాది వేసిన సామాన్య గృహస్థుని విన్నపమెట్లుండును? అదే సంవత్సరము డిసెంబరులో దేశ సర్వోన్నత న్యాయస్థానము కూడ, పూర్తియైన కట్టడమునకు ధ్రువపత్రము చూచిన పిమ్మటనే బ్యాంకులు దానిమీద అప్పులీయవలెనని శాసించినది. అనుమతిలేని గది కట్టుటకే గాక, తాకట్టు పెట్టుటకును చిక్కే.

అట్లని తప్పుచేసినవారికి ఏ రక్షణయు లేదని యనుకొనరాదు. మన రాష్ట్ర చట్టమున స్వీయధ్రువీకరణమునకు విరుద్ధముగా కట్టినదానిని నోటీసు లేకయే కూల్చుటకు అధికారము గలదు. కాని 2024 సం॥ నవంబరు 13వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, 15 దినముల ముందుగా నోటీసు ఈయక, ఇంటివారి మాట వినక, ఏ యింటిని కూల్చరాదని చెప్పినది. నోటీసును రిజిస్టరు టపాలో పంపవలెను, ఇంటిమీదను అంటింపవలెను, తుది యుత్తర్వు తరువాత మరి 15 దినములు ఆగవలెను. అయితే వీథి, కాలిబాట, రైలుమార్గపు ప్రక్క, నది, చెఱువు మొదలగు చోట్ల నున్న ఆక్రమణలకు ఈ రక్షణ వర్తింపదు.

ఈ తీర్పునకు రెండున్నర నెలల ముందు, 2024 సం॥ ఆగస్టు చివర, మహబూబునగరు క్రిస్టియన్‌పల్లి ప్రాంతమున పేదల యిండ్లను కూల్చిరి. వారిలో అంధులును, వికలాంగులును ఉండిరి. ఆ భూమి ప్రభుత్వముదని అధికారులు చెప్పిరి. తాము పట్టాలు నమ్మి కట్టుకొంటిమని నివాసులు మొఱపెట్టిరి. ఎవరి మాట న్యాయమైనను, సామానుతో వీథిని పడిన తల్లుల ముఖములు మఱవరానివి. ఇల్లు నిలుచునది గోడలమీద మాత్రమే కాదు, దాని క్రింది కాగితముమీదను అని ఆ దృశ్యము చెప్పకయే చెప్పినది.

కావున సోదరీమణులకు మా మనవి. ఇంటి కాగితములు మగవారి పెట్టెలోని రహస్యము కాదు. దస్తావేజు ఎవరి పేర నున్నదో, అంతకు ముందు అమ్మినవారి దస్తావేజులున్నవో లేవో, పన్ను రశీదు ఏ సంవత్సరము వఱకు గలదో, స్థలము కొలత యెంతయో ఒక మధ్యాహ్నము కూర్చుండి వ్రాసికొనుడు. మేస్త్రీకి బయానా ఇచ్చు రోజుకు ముందే ఈ పని కావలెను. కొలత సరిపోదని తెలిసినచో ఒక గది చిన్నదగును, లేదా మేడమీది కెక్కును, లేదా ఒక యేడు ఆగును. వీనిలో ఏదియు కూలిన గది యంత దుఃఖము కాదు. నిరాకరణ పత్రము వచ్చినను దానిని చింపి పాఱవేయక భద్రపఱచుడు. అందులోని కారణమే రేపటి దరఖాస్తులోని మొదటి వాక్యము కాగలదు.