మోసం గిట్టుబాటు కాకూడదు

అయిదు నిమిషాల్లో ఆటో రాకపోతే 50 రూపాయలు ఇస్తామన్న ప్రకటనపై 2025 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) రాపిడోకు రూ.10 లక్షల జరిమానా వేసింది. ఇచ్చింది నగదు కాదు, గరిష్ఠంగా 50 రూపాయల విలువైన కాయిన్లు. అవి బైక్ ప్రయాణానికే, అదీ ఏడు రోజుల్లోపే చెల్లేవి. ఆ ప్రకటన 120కి పైగా నగరాల్లో సుమారు ఏడాదిన్నర నడిచింది. జరిమానా చాలా తక్కువని అధికారులను తప్పుపట్టలేం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి పది లక్షలకు మించి వేయడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 21వ సెక్షన్ ఒప్పుకోదు. మళ్లీ చేస్తే 50 లక్షలు. ఊళ్లో ఒకే గదిలో నడిచే కోచింగ్ సెంటరుకూ, దేశమంతటా వ్యాపారం చేసే సంస్థకూ అదే పరిమితి. ఈ చట్టంలో ముందుగా మార్చాల్సింది ఇదే.

తప్పు చేయాలా వద్దా అని లెక్కేసుకునేవాడు శిక్ష ఎంతన్నదే కాక, దొరికిపోయే అవకాశం ఎంతన్నదీ చూస్తాడని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1968లో వాదించారు. ఒక ఊహాలెక్క చూద్దాం. ఒక యాప్ ఆర్డరుకు 20 రూపాయలు దొంగచాటుగా కలుపుతూ రోజుకు లక్ష ఆర్డర్లు తీసుకుంటే, ఏడాదికి 73 కోట్లు మిగులుతాయి. పది లక్షల జరిమానా దానికి సగం రోజు రాబడి. పోనీ, మొత్తం 73 కోట్లూ కక్కించినా చాలదు. ఇలాంటి మోసాలు పదింటిలో ఒక్కటే బయటపడేటట్టయితే, 730 కోట్లు వేస్తే తప్ప లెక్క సరిపోదు. అంత జరిమానా ఏ న్యాయస్థానంలోనూ నిలవకపోవచ్చు. అదే రెండింటిలో ఒకటి బయటపడితే 146 కోట్లు చాలు. అంటే జరిమానా పెంచడంతోపాటు తనిఖీ మీద ఖర్చు పెట్టడమూ అవసరమే. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫిర్యాదుల్లో ఏ రంగంలో ఏ తరహా మోసం ఎక్కువో చూసి, అధికారులే మామూలు కొనుగోలుదారుల్లా కొని పరీక్షిస్తే, ఉన్న సిబ్బందితోనే మరిన్ని మోసాలు బయటికొస్తాయి.

నష్టపోయినవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు కదా అంటారు. అయిదు లక్షల లోపు కొనుగోలుపై ఫిర్యాదుకు రుసుం లేదు, మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టమూ చెబుతోంది. అయినా 20 రూపాయల కోసం ఒక పూట కూలి పోగొట్టుకుని ఎవరూ వెళ్లరు. అలా వెళ్లకపోవడంలో వాళ్ల తెలివితక్కువతనం ఏమీ లేదు. మనిషికి ఇరవై చొప్పున కోట్లు కొల్లగొట్టే వ్యాపారం ఆ లెక్క మీదే నడుస్తోంది. అందుకే రాపిడో ఉత్తర్వులో జరిమానా కంటే విలువైన భాగం, రావాల్సిన 50 రూపాయలు అందనివారికి తిరిగి ఇమ్మనడం. ఎవరు ఎంత చెల్లించారో కంపెనీల దగ్గర రికార్డులు ఉంటాయి. దరఖాస్తు అడక్కుండా, వసూలైన ఖాతాలోకే డబ్బు వెనక్కి వేయించడం ప్రతి కేసులోనూ నియమం కావాలి.

భారీ జరిమానాలు చివరికి కొనుగోలుదారుడి మీదే పడతాయన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పోటీ లేని రంగంలో ఆ భయం కొంత నిజమే. పోటీ ఉన్నచోట మాత్రం, జరిమానా పడని సంస్థ పాత ధరకే అమ్ముతుంటే, పడిన సంస్థ ధర పెంచి ఖాతాదారులను నిలుపుకోలేదు. పైగా ఇప్పుడు నష్టపోతున్నది నిజాయతీగా అమ్మేవాడు. మొత్తం ధర మొదటే చూపిన హోటల్ ఖరీదైనదిగా కనిపిస్తుంది, చివరి తెరమీద ఛార్జీలు కలిపేది చౌకగా కనిపిస్తుంది. ఈ డ్రిప్ ప్రైసింగ్‌ను సీసీపీఏ 2023 మార్గదర్శకాలు కొనుగోలుదారులను మభ్యపెట్టే 13 డార్క్ ప్యాటర్న్‌లలో ఒకటిగా గుర్తించాయి. ఇక చిరువ్యాపారులు చితికిపోతారన్న ఆందోళనకు జరిమానాను టర్నోవరులో శాతంగా లెక్కించడమే సమాధానం. చిన్న దుకాణానికి అది పది లక్షల పరిమితి కంటే చాలా తక్కువే అవుతుంది. అధికారులు మితిమీరితే జాతీయ వినియోగదారుల కమిషన్‌లో అప్పీలు ఎలాగూ ఉంది.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మన కాంపిటిషన్ కమిషన్ ఇప్పటికే టర్నోవరులో పది శాతం దాకా జరిమానా వేయగలదు. వినియోగదారుల చట్టాన్ని ఉల్లంఘించే సంస్థలపై బ్రిటన్‌లోనూ 2025 ఏప్రిల్ నుంచి ప్రపంచవ్యాప్త టర్నోవరులో పది శాతం వరకూ వేసే అధికారం ఉంది. కంపెనీలు కుమ్మక్కై ధర పెంచితే ఒక కొలమానం, ఒకే కంపెనీ అబద్ధం చెప్పి లాగేసుకుంటే మరో కొలమానం ఉండటానికి తగిన కారణం నాకు కనబడటం లేదు. 21వ సెక్షన్ సవరణ కోసం తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మంది సభ్యులూ పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి.