యానివర్సరీ ట్రిప్‌కి ఏఐ ప్లాన్: వరంగల్ దగ్గర ఎక్కడ తేడా కొడుతోందంటే...

"వరంగల్‌లో రొమాంటిక్ వీకెండ్, రెండు రోజులు, ఇద్దరం" అని ఏ చాట్‌బాట్‌నైనా అడిగి చూడండి. పది సెకన్లలో నీట్‌గా ఓ టేబుల్ వచ్చేస్తుంది. శనివారం పొద్దున తొమ్మిదికి వేయి స్తంభాల గుడి, పదిన్నరకి ఖిలా వరంగల్, పన్నెండుకి రామప్ప, రెండున్నరకి లక్నవరం, ఐదున్నరకి భద్రకాళి చెరువు దగ్గర సన్‌సెట్, ఎనిమిదికి క్యాండిల్‌లైట్ డిన్నర్. పక్కన గులాబీ ఎమోజీ ఫ్రీ.

మాది హన్మకొండ, ఉద్యోగం బెంగళూరులో. దాంతో ఇలాంటి స్క్రీన్‌షాట్లు నాకు తరచూ వస్తుంటాయి. "బ్రో, ఒక్కసారి చూసి ఓకేనా చెప్పు" అని. పంపేది వేర్వేరు మనుషులు, వాడేది వేర్వేరు యాప్‌లు, ప్లాన్ మాత్రం దాదాపు ఒకటే. ఈ మధ్య మా టీంలో ఒకతను మొదటి పెళ్లిరోజుకి అచ్చం ఇదే పట్టుకొచ్చాడు. ఇద్దరికీ వరంగల్ కొత్త. భార్యకి శిల్పాలంటే ఇష్టమని ఈ ఊరు ఎంచుకున్నాడు. ఇద్దరి లీవులూ కలవక ఆర్నెల్లుగా వాయిదా పడుతున్న ట్రిప్ అది. దొరికింది రెండంటే రెండు రోజులు.

ఆ ప్లాన్‌లో శనివారం నాలుగున్నర, ఐదు గంటలు కారులోనే పోతాయి. రామప్ప గుడి వరంగల్‌లో లేదు. ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, హన్మకొండ నుంచి 65 కిలోమీటర్ల పైనే. అక్కడి నుంచి లక్నవరం మరో ముప్పావు గంట, గంట. తిరిగి ఊళ్లోకి రావడానికి ఇంకో రెండు గంటలు. రెండున్నరకి లక్నవరంలో ఉన్నవాళ్లు ఐదున్నరకి భద్రకాళి గట్టు మీద ఉండాలంటే వేలాడే వంతెన మీద పరుగెత్తాలి.

మోడల్‌కి ఇంత చిన్న లెక్క ఎందుకు రాదు? నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే. లెక్కల ప్రాబ్లం కంటే ఇది డేటా ప్రాబ్లం. 2016 అక్టోబరు దాకా రామప్ప నిజంగానే వరంగల్ జిల్లాలో ఉండేది. జిల్లాల విభజనలో జయశంకర్ భూపాలపల్లికి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. ఇటు ఊళ్లో కూడా అంతే. వరంగల్ అర్బన్ జిల్లా 2021లో హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్‌గా ఉన్నది వరంగల్ జిల్లా అయింది. ఫలితంగా ఇప్పుడు వేయి స్తంభాల గుడిది ఒక జిల్లా, ఖిలాది ఇంకో జిల్లా, రెండిటికీ కార్పొరేషన్ మాత్రం ఒక్కటే! ఇక్కడ పుట్టినవాళ్లమే తడబడతాం. ఇరవై ఏళ్లలో రాసిన పేజీలన్నీ కలిపి మింగిన మోడల్‌కి "వరంగల్‌లోని రామప్ప" అనే మాట వేలసార్లు కనపడి ఉంటుంది. అది జిల్లా పేరో ఊరి పేరో ఆ వాక్యాల్లో ఉండదు. అందుకే అరవై అయిదు కిలోమీటర్ల దూరం పక్క వీధి అయిపోతుంది.

"ఇప్పుడు చాట్‌బాట్లు లైవ్‌గా సెర్చ్ చేస్తున్నాయి కదా" అంటారేమో. చేస్తున్నాయి. కానీ సెర్చ్‌లో పైన దొరికే ట్రావెల్ బ్లాగుల్లో చాలావాటి వాలకం చూస్తే అవి కూడా ఏ ఏఐతోనో రాయించినవే అనిపిస్తుంది. పాత తప్పుకి కొత్త తేదీ వేసి మళ్లీ మనకే వడ్డిస్తున్నట్టు.

భద్రకాళి చెరువు సంగతి చూడండి. 2024 చివర్లో పూడిక తీయడానికి చెరువు నీళ్లన్నీ ఖాళీ చేశారు. నెలల తరబడి అక్కడ కనిపించింది బురద, జేసీబీలు, టిప్పర్లు. ఆ టైంలో కూడా రీల్స్‌లో చెరువు నిండుగానే ఉంది, నారింజ రంగు ఆకాశంతో సహా. పాత వీడియోని మళ్లీ అప్‌లోడ్ చేస్తే అది తీసిన రోజు ఎవరికీ కనపడదు కదా. దీనికి రివర్స్ కేసు వేయి స్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి ఎదురుగా ఉన్న కల్యాణమండపం ఏళ్ల తరబడి విప్పి పెట్టిన రాళ్లుగానే ఉండేది. నా చిన్నప్పటి నుంచి అక్కడ నంబర్లు వేసిన స్తంభాలు చూడటమే అలవాటు. 2024 మార్చిలో శివరాత్రి రోజు దాన్ని మళ్లీ తెరిచారు. ఇప్పటికీ కొన్ని పేజీలు "మండపం మరమ్మతుల్లో ఉంది" అంటూనే ఉన్నాయి. అంటే లేనిదాన్ని చూడమంటుంది, ఉన్నదాన్ని వదిలేయమంటుంది.

దీనికి నేను చేసేది చాలా సింపుల్. మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి, ఫోటోల్లో కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, గత రెండు మూడు వారాల్లో మామూలు జనం తీసినవి చూస్తాను. రివ్యూలు కూడా "న్యూయెస్ట్" మీద పెట్టుకోవాలి. 4.3 అనే నంబరులో ఐదేళ్ల కిందటి మెచ్చుకోలు కూడా కలిసి ఉంటుంది, దాన్ని బట్టి ఈ శనివారం ఎలా ఉంటుందో తెలియదు. మబ్బు పట్టి, వంకరగా, ఎవరి వేలో అడ్డొచ్చిన ఫోటో ఒకటి దొరికితే అది వంద డ్రోన్ షాట్ల కన్నా నయం.

టికెట్ల దగ్గర ఇంకో గొడవ. వరంగల్, కాజీపేట, హన్మకొండ మూడూ కలిసిపోయిన ఊరు. యాప్‌లో వరంగల్ స్టేషన్ కోడ్ డబ్ల్యూఎల్ ఒక్కటే కొట్టి "రైలు లేదు" అనుకునేవాళ్లు చాలామంది. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా, ఢిల్లీ వైపు వెళ్లే బళ్లు కాజీపేటలోనే పక్కకి తిరిగిపోతాయి, వరంగల్ స్టేషన్‌కి రావు. కేజెడ్‌జే అని కూడా వెతకండి. రెండిటికీ మధ్య పది కిలోమీటర్లు, ఆటోలో అరగంట. విమానం అయితే మామునూరులో పాత ఎయిర్‌ఫీల్డ్ ఉంది కానీ, నేను ఇది రాసేనాటికి అక్కడ ప్యాసింజర్ ఫ్లైట్లు దిగట్లేదు. శంషాబాద్‌లో దిగి, ఔటర్ మీదుగా ఘట్‌కేసర్ దగ్గర బయటపడి హైవే ఎక్కడమే. హోటల్ యాప్‌లో "సిటీ సెంటర్‌కి 1.2 కిలోమీటర్లు" అని ఉంటే ఏ సెంటర్ అని అడగాలి. మంచి హోటళ్లు ఎక్కువగా హన్మకొండ, నక్కలగుట్ట వైపు ఉన్నాయి. 

మావాడి ప్లాన్‌లోని క్యాండిల్‌లైట్ రెస్టారెంట్ అయితే మరీ విచిత్రం. పేరు చూస్తే నిజంగానే ఉందేమో అనిపించేలా ఉంది. మ్యాప్స్‌లో లేదు, మా ఇంట్లోవాళ్లూ ఎప్పుడూ వినలేదు. ఇలాంటి పేర్లు పుట్టించడంలో ఏఐకి మొహమాటం ఉండదు. పెళ్లిరోజు రాత్రి తొమ్మిదింటికి, ఆకలితో, తెలియని రోడ్డు మీద, లేని రెస్టారెంట్ కోసం ఇద్దరూ తిరగడం ఊహించుకోండి. ఆ తర్వాత జరిగే సంభాషణ రొమాంటిక్‌గా మాత్రం ఉండదు.

హోటల్‌కి ఫోన్ చేయమని నేను గట్టిగా చెప్పేది అందుకే. చాట్ కాదు, కాల్. కొత్తగా పెళ్లయినవాళ్ల ఆధార్ కార్డుల్లో ఇంటిపేర్లు వేరు, అడ్రసులు వేరు, ఒక్కోసారి జిల్లాలు కూడా వేరు. ప్రయాణం చేసి అలిసిపోయి వచ్చాక రిసెప్షన్‌లో సంజాయిషీ ఇచ్చుకోవడం ఎంత చిరాకో! ఏ ఐడీ కావాలో ముందే అడిగేయండి. కార్డు ఫోటో వాట్సాప్ చేయమంటే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి పంపండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. మీ పూర్తి నంబరు ఎవరో నైట్ షిఫ్ట్ కుర్రాడి గ్యాలరీలో ఏళ్ల తరబడి ఉండాల్సిన అవసరం లేదు.

సర్‌ప్రైజ్ ప్లాన్ చేసేవాళ్లకి ఒక మాట. జీమెయిల్‌కి హోటల్ కన్ఫర్మేషన్ వచ్చిందంటే డిఫాల్ట్‌గా అది మీ క్యాలెండర్‌లో ఎక్కి కూర్చుంటుంది. ఆ అకౌంటే ఇంట్లో ట్యాబ్‌లో కూడా లాగిన్ అయి ఉంటే, సర్‌ప్రైజ్ ఎవరికో చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఏఐ వాడొద్దు అని కాదు నా వాదన. నేను రోజంతా దాంతోనే కోడ్ రాయించుకుంటాను. కానీ కోడ్‌కి టెస్టులు ఉంటాయి, తప్పయితే ఎర్రగా చూపిస్తుంది. వీకెండ్‌కి టెస్ట్ రన్ ఉండదు, డైరెక్ట్‌గా ప్రొడక్షనే. పైగా అది ఏ లక్ష్యంతో ప్లాన్ వేస్తుందో గమనించండి. ఎక్కువ చోట్లు పెడితే జవాబు నిండుగా కనిపిస్తుంది, మనకీ పని బాగా చేసినట్టు అనిపిస్తుంది. "మధ్యాహ్నం నాలుగు గంటలు ఏమీ చేయకండి" అని రాసిన ఏఐ ప్లాన్ నేను ఇంతవరకు చూడలేదు. పెళ్లిరోజుకి వచ్చినవాళ్లకి అన్నిటికన్నా కావాల్సింది ఆ నాలుగు గంటలే. ఆర్నెల్లుగా ఒకరు లాగిన్ అయ్యే టైంకి ఇంకొకరు నిద్రపోతున్న ఇద్దరికి ఆరు మాన్యుమెంట్లు ఎందుకు? ఒక్కటి చాలు, దాన్ని సరైన టైంలో చూడాలి.

సరైన టైం ఏదో చెప్పడానికి మనిషి కావాలి. మావాడు ఖిలా వెళ్దామని మధ్యాహ్నం ఆటో అడిగితే డ్రైవర్, "గీ ఎండల ఏం జూస్తరు సార్, నాలుగు దాటినంక రండ్రి, నేనే తీస్కపోత" అన్నాడట. వచ్చే కిరాయి వదులుకుని మరీ ఇచ్చిన సలహా అది. ఖిలాలో ఉన్నదంతా బయలు, నీడ తక్కువ, నేల కాలిపోతుంది. సాయంత్రం అయితే అవే కీర్తి తోరణాల మధ్య నుంచి వచ్చే వెలుతురులో ఎంతసేపైనా నడవొచ్చు. తెలంగాణ రాజముద్రలో చూసేది ఆ తోరణాన్నే. చుట్టూ ఇళ్లు, పొలాలు, జనం తిరుగుతూనే ఉంటారు, కోట లోపల ఊరు ఇంకా బతికే ఉంది.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. రామప్ప, లక్నవరం వెళ్లే ములుగు రోడ్డే మేడారానికీ దారి. జాతరకి ముందు వారాల్లోనే మొక్కులకి వెళ్లేవాళ్లతో ఆ రోడ్డు నిండిపోతుంది. జాతర చూడాలని వస్తే అది వేరే సంగతి, తప్పక రండి. ఏకాంతం కోసం అయితే ఆ నెల వద్దు.

మావాడికి చివరికి నేను చెప్పింది ఇంత. శనివారం మధ్యాహ్నం దాకా హోటల్‌లోనే ఉండండి, సాయంత్రం ఖిలా, అంతే. ఓపిక ఉంటే కొత్తవాడ వైపు వెళ్లి మగ్గం మీద నేసిన వరంగల్ దర్రీ ఒకటి కొనుక్కోండి, 2018లో జీఐ ట్యాగ్ వచ్చింది దానికి. పెళ్లిరోజు గిఫ్ట్‌గా స్మార్ట్‌వాచ్ కన్నా ఎక్కువ ఏళ్లు ఉంటుంది (ఈ సైట్‌లో ఈ మాట అన్నందుకు ఎడిటర్ క్షమించాలి). ఆదివారం రామప్ప ఒక్కటే. లక్నవరం కొట్టేశాను, అతను కొంచెం బాధపడ్డాడు. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందు రాత్రే డౌన్‌లోడ్ చేసుకోమన్నాను.

రామప్పకి పొద్దున్నే ఎందుకంటే గుడి తూర్పు ముఖం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికలు నిగనిగలాడే నల్లరాయి. ఫోన్ కెమెరాకి ఇది నిజమైన పరీక్ష. ఆటోలో వదిలేస్తే హెచ్‌డీఆర్ నీడల్ని పైకి లాగి నల్లరాయిని బూడిదరంగు చేసేస్తుంది, ఆ నునుపంతా పోతుంది. మదనిక మీద ట్యాప్ చేసి, ఎక్స్‌పోజర్ స్లైడర్‌ని కొంచెం కిందికి దించండి. జూమ్ కావాలంటే టెలిఫోటో లెన్స్ ఉన్న ఫోన్ తీసుకెళ్లండి, డిజిటల్ జూమ్‌లో చెక్కడం కరిగిపోతుంది. హన్మకొండలో ఐదున్నర, ఆరు మధ్య బయల్దేరితే ఏడున్నరకి అక్కడుంటారు. తొమ్మిది దాటితే స్కూల్ పిల్లల బస్సులు వస్తాయి. అప్పుడు పక్కనే ఉన్న రామప్ప చెరువు గట్టుకి వెళ్లి కూర్చోవచ్చు, అక్కడ టిఫిన్ దొరుకుతుందని నమ్ముకోకుండా హన్మకొండలోనే ఇడ్లీ కట్టించుకుని వెళ్లండి.