ఎకరం తోట... బల్ల మీద!

‘మాయాబజార్’(1957)లో ద్వారక చూసి నోరెళ్లబెట్టనివాళ్లు ఉండరు. ఆ మహానగరాన్ని ఎంత చోటులో కట్టారో తెలుసా... 50 అడుగులు, 60 అడుగులు, అంతే! మద్రాసులోని చందమామ భవనం దగ్గర రకరకాల సైజుల్లో 300 బుల్లి ఇళ్లు కట్టి, వాటిలో చిట్టి దీపాలు పెట్టారు. గోఖలే, కళాధర్‌లు కళాదర్శకులు. మార్కస్ బార్ట్‌లే కెమెరా దాన్ని నిజం నగరం చేసేసింది. దగ్గరివి పెద్దగా, వెనకవి చిన్నగా పేర్చితే కన్ను దాన్నే దూరం అనుకుంటుంది.

ఇన్‌స్టంట్ కెమెరా ఉన్న ఇంట్లో అదే కిటుకుతో సెలవురోజు ఇట్టే గడిచిపోతుంది. నొక్కిన కాసేపటికే ఫొటో చేతికొచ్చే పద్ధతిని ఎడ్విన్ ల్యాండ్ 1947లో చూపించాడు. ఆయన పొలరాయిడ్ కంపెనీ 2008లో ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటిస్తే, కొందరు ఔత్సాహికులు నెదర్లాండ్స్‌లోని ఫ్యాక్టరీని నిలబెట్టారు. ఫ్యూజీవాళ్ల ఇన్‌స్టాక్స్ 1998లో వచ్చింది. ఏదైనా సరే, ఒక్క కాపీయే. దిద్దుకోవడం, చెరిపేసుకోవడం ఉండవు. ఇన్‌స్టాక్స్ ప్యాకెట్‌కి పదే ఫొటోలు. అందుకే నొక్కకముందే పనంతా అయిపోవాలి.

సంక్రాంతి బొమ్మల కొలువులో ఇసుక పోసి, మెంతులు మొలిపించి, అద్దంతో చెరువు చేసిన చేతులకి కొత్తగా నేర్పేదేం లేదు. ఏలూరు జిల్లా ముసునూరు వాళ్లకైతే సామానంతా మామిడిచెట్ల కిందే దొరుకుతుంది. ఎండి రాలిన పూతకాడని మట్టిలో నిలబెట్టండి... అచ్చం మోడువారిన చెట్టే! బంక రాసి, ఎండబెట్టి నలిపిన మునగాకు అద్దితే గుబురు వచ్చేస్తుంది. నేలకి తోటలోని మట్టే చాలు. కాకపోతే పల్చటి గుడ్డలో జల్లించాలి, లేదంటే ఒక్కో రేణువూ బండరాయిలా కనిపిస్తుంది.

అయిదడుగులకి ఒక అంగుళం లెక్కన 30 అడుగుల చెట్టు ఆరంగుళాలు అవుతుంది. పాత తోటల్లో చెట్టుకీ చెట్టుకీ మధ్య ఉండే 30 అడుగుల ఎడమూ ఆరంగుళాలే. అంటే పొడవూ వెడల్పూ మూడున్నర అడుగులుండే బల్ల మీద ఎకరం సర్దుకుంటుంది! మనిషి అంగుళం. కెమెరా కన్నూ నేలకి అంగుళం ఎత్తులోనే ఉండాలి. పైనుంచి తీస్తే బొమ్మలని తెలిసిపోతుంది. బల్ల అంచున స్టూలు వేసి కెమెరా దానిమీద పెట్టుకోవాలి. ఇన్‌స్టాక్స్ మినీకి క్లోజప్ లెన్సు తగిలిస్తే 35 నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో తీయొచ్చు. మనం కన్ను పెట్టి చూసే గాజు లెన్సుకి పక్కన ఉంటుంది కాబట్టి దృశ్యం కాస్త జరిగి పడుతుంది. దాని లెక్క తెలియడానికి మొదటి ఫొటో బలి!

మే నెల మధ్యాహ్నాలు మాత్రం వద్దు. ఈ ఫిల్మ్ 40 డిగ్రీల లోపు వేడిలోనే వాడాలి. మామిడి పండే వేళకి అక్కడి ఎండ ఆ గీత దాటేస్తుంది. పొద్దున్నే తీస్తే ఏటవాలు ఎండకి నీడలు సాగి చెట్లకి ప్రాణమొస్తుంది.

ఉత్త సరదాకైతే ఇంత తంటా ఎందుకు? నూజివీడు చుట్టుపక్కల కొందరు రైతులు మామిడి తీసేసి పామాయిల్ వేశారు. అలాంటి ఇంట్లో తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకోండి. చిన్నరసాలు ఏ వరస, బంగినపల్లి ఏ గట్టున, కాపలా పాక ఎటు... ఆయన్నే అడగాలి. తోట ఉన్న రోజుల్లో చెట్లకి ఫొటో తీయాలని ఎవరికి తోస్తుంది!

బయటికొచ్చిన ఫొటోని ఊపొద్దు. నిమిషంన్నరలో దానంతటదే తేలుతుంది. అప్పుడు తాతయ్య కళ్లజోడు సవరించుకుని ‘నుయ్యి అక్కడ కాదురా, తూర్పున’ అంటారు. జరిపి మళ్లీ తీయండి. ప్యాకెట్లో ఇంకా ఎనిమిదున్నాయి.