బి.పి. మిషన్ అంకె చూసి మాత్రలు మానవద్దు



మన నాతవరం పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్ళలో బ్యాటరీతో నడిచే బి.పి. మిషన్ కనబడుతున్నది. సంతోషమే. కాని ఆ అంకె చూసి మాత్రలు మానేస్తున్నవారిని చూస్తే మాకు భయం వేస్తున్నది. ఒక తల్లి ఉదయం 124 వచ్చిందని, జబ్బు తగ్గిపోయిందని మాత్ర ఆపేశారు. ఆ 124 మాత్ర చేసిన పనే. మూడు వారాలకు మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయి మా వార్డుకు వచ్చారు.

పాదరసం మిషన్‌తో మేము స్టెతస్కోపు పెట్టి రక్తనాళం చప్పుడు వినేవాళ్ళం. 1905లో రష్యా డాక్టరు కొరొట్కోవ్ చూపిన పద్ధతి అది. కొత్త మిషన్లలో ఎక్కువ భాగం చప్పుడు వినవు. నాడి కొట్టుకున్నప్పుడల్లా చేతి పట్టీలోని గాలి సన్నగా అదురుతుంది. మిషన్ లోపలి సెన్సారులో ఒక పల్చని పొర ఆ అదురుకు కాస్త వంగుతుంది, ఆ వంపు కరెంటు సంకేతంగా మారుతుంది. ఆ సంకేతాల హెచ్చుతగ్గులను బట్టి మిషన్ బి.పి. లెక్కకడుతుంది. నాడి కదిలినా, మీ చెయ్యి కదిలినా దానికి కదలికే! గుండె లయ తప్పినవారికి కూడా లెక్క తప్పవచ్చు. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపుతుంది.

మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆదివారం ఆరాధన కాగానే యౌవనస్థులు బల్ల వేసి అందరికీ బి.పి. చూడడం మంచి పరిచర్యే. అయితే అప్పటిదాకా పాటలు పాడి, వరుసలో కబుర్లాడుతూ నిలబడినవారికి వచ్చే అంకెకు విలువెంత? వందమందికి హడావిడిగా చూడడం కంటే పదిమందికి సరిగా చూడండి.

అరగంట ముందు నుండి కాఫీ, చుట్ట వద్దు. అడ్డపొగ తాగే అమ్మమ్మలకూ ఇదే మాట. కుర్చీలో వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి బల్లమీద, గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండవసారి చూసి, రెండు అంకెలూ పుస్తకంలో రాయండి. 180/120 దాటి, ఛాతీనొప్పి గాని మాట తడబాటు గాని ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. మాట తడబడితే, చెయ్యి పడిపోతే అంకె ఎంతున్నా సరే, ఆగవద్దు.

ఓ.పి.కి వచ్చేటప్పుడు ఆ పుస్తకంతో పాటు మీ మిషన్ కూడా తెండి. మా మిషన్ పక్కన పెట్టి సరిచూసి ఇస్తాము.